బీదర్: బహుభాషా సమాజం, బడి, ప్రభుత్వ విధానం

బీదర్ కర్ణాటకకు ఈశాన్యపు కొసన ఉన్న జిల్లా. తూర్పున తెలంగాణ, పడమరా ఉత్తరమూ మహారాష్ట్ర, దక్షిణాన కలబురగి జిల్లా దీనికి సరిహద్దులు. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 17 లక్షల మంది తేలారు. విస్తీర్ణం 5,448 చదరపు కిలోమీటర్లు. ఇంట్లో కన్నడ మాట్లాడేవాళ్లు జిల్లాలో సుమారు సగం మంది. మిగతా సగంలో మరాఠీ, ఉర్దూ, తెలుగు, లంబాడీ మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఉర్దూ అని లెక్కల్లో రాసేది ఇళ్లలో ఎక్కువగా దక్కనీగానే వినిపిస్తుంది. లింగాయతులు, ముస్లిములు, దళితులు, బౌద్ధులు, మెథడిస్టు క్రైస్తవులు, సిక్కులు ఒకే పట్టణంలో తరతరాలుగా ఉంటున్నారు.

సాంస్కృతిక బహుళత్వం గురించి భారతదేశంలో ఒకే పేరుతో ఒకే చట్టమంటూ లేదు. కెనడా 1971లో బహుళ సంస్కృతుల విధానాన్ని ప్రకటించి 1988లో దాన్ని చట్టంగా చేసుకుంది. మన దగ్గర ఆ పనిని రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలు, రాష్ట్రాల పునర్విభజన నాటి హామీలు, త్రిభాషా సూత్రం, జాతీయ విద్యావిధానాలు, కోర్టు తీర్పులు కలిసి చేస్తున్నాయి. ఇవి ఎంతవరకు పనిచేస్తున్నాయో రాజధానుల్లో కూర్చుంటే తెలియదు, బీదర్ లాంటి సరిహద్దు జిల్లాలోనే తెలుస్తుంది. ఎందుకంటే మన విధానం భిన్నత్వాన్ని రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడాగా ఊహించుకుంది. రాష్ట్రానికొక భాష, ఆ భాష మాట్లాడని కొద్దిమందికి రక్షణలు అన్నది దాని పద్ధతి. బీదర్‌లో భిన్నత్వం పక్క పక్క ఇళ్లలో ఉంది. ఆ ఇళ్ల పిల్లలకు విధానం ఇచ్చింది వేరు వేరు బడులను. కలిసి చదివే ఏర్పాటు చాలా తక్కువ.

కల్యాణం, బహమనీ రాజధాని

జిల్లాలోని బసవకల్యాణం పూర్వం పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణి. హిందూ వారసత్వ న్యాయానికి ఆధారమైన ‘మితాక్షర’ను విజ్ఞానేశ్వరుడు ఇక్కడే రాశాడు. 12వ శతాబ్దంలో బసవేశ్వరుడు, అల్లమప్రభువు, అక్కమహాదేవి తదితర శరణులు కులాన్ని కాదని కన్నడంలో వచనాలు చెప్పిందీ ఈ కల్యాణంలోనే. వాళ్లు సమావేశమైన చోటుగా అనుభవ మంటపం పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. బసవని కథను పురాణంగా మొదట చెప్పింది తెలుగు కవి. పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దంలో ద్విపదలో బసవపురాణం రాస్తే, 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకువెళ్లాడు. కన్నడ దేశపు ఉద్యమం తెలుగులో పురాణమై, తిరిగి కన్నడానికి చేరింది. నేటి పాఠ్యపుస్తకాల్లో బసవన్న కర్ణాటక సాంస్కృతిక నాయకుడిగా మాత్రమే కనిపిస్తాడు. ఈ రాకపోకల కథ సరిహద్దుకు ఇవతలి పిల్లలకూ అవతలి పిల్లలకూ తెలియాల్సినది.

15వ శతాబ్దంలో అహ్మద్ షా వలీ బహమనీ రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చాడు. అప్పటి నుంచి ఇరాన్, ఇరాక్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన పండితులు, వర్తకులు, సైనికులు ఇక్కడ స్థిరపడ్డారు. వీళ్లను ఆఫాకీలు అనేవారు. ఢిల్లీ సుల్తానుల కాలం నుంచి దక్కన్‌లో ఉంటున్న ముస్లిములు దక్కనీలు. ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీలు ఎక్కువగా దక్కనీల పక్షాన నిలిచేవారు. కొలువులు, జాగీర్లు ఎవరికన్న తగువు ఈ రెండు వర్గాల మధ్య ఏళ్ల తరబడి నడిచింది.

ఆ తగువును పాలనా విధానంతో సర్దాలని చూసినవాడు మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి సుల్తానుకు ప్రధాని అయ్యాడు. రాజ్యంలోని నాలుగు తరఫులను ఎనిమిదిగా విడగొట్టి, పదవులు రెండు వర్గాలకూ అందేలా పంచాడు. తాను ఆఫాకీ అయినా తనవాళ్లకే పెట్టుకోలేదు. 1472లో అతను కట్టించిన మదరసా మూడంతస్తుల విద్యాలయం. అక్కడ గురువులకూ విద్యార్థులకూ వసతి, మసీదు, మూడు వేల గ్రంథాల పుస్తకశాల ఉండేవి. దూరదేశాల పండితులను పిలిపించి అక్కడ చదువు చెప్పించాడు. అయినా పదవులు పంచినంత మాత్రాన అపనమ్మకం పోలేదు. గవాన్ ఒరిస్సా రాజును దండయాత్రకు పిలుస్తున్నట్టు దొంగ ఉత్తరం సృష్టించి ప్రత్యర్థులు సుల్తానుకు చూపించారు. 1481 ఏప్రిల్‌లో గవాన్‌ను చంపించారు. ఆ తర్వాత కొద్ది దశాబ్దాల్లోనే బహమనీ రాజ్యం అయిదు ముక్కలైంది. మదరసాలో కొంత భాగం 17వ శతాబ్దం చివర మందుగుండు పేలి కూలిపోయింది. రంగు పలకలు అతికిన ఒక మినారు, దాని పక్క గోడ నేటికీ ఊరి నడుమ నిలిచే ఉన్నాయి.

పట్టణానికి కాస్త దూరంలోని అష్టూరులో అహ్మద్ షా వలీ సమాధి ఉంది. లోపలి గోడల మీదా గుమ్మటం మీదా బంగారు అక్షరాల్లో ఫార్సీ రచనలు. ముస్లిములకు ఆయన వలీ, లింగాయతులకు అల్లమప్రభువు. అందువల్ల ఏటా హోళీ తర్వాత జరిగే ఉర్సుకు కలబురగి వైపు నుంచి ఒక జంగమయ్య ఊరేగింపుగా వస్తాడు. శంఖం ఊదుతారు, సమాధి దగ్గర కొబ్బరికాయ కొడతారు, పూలు పెడతారు. అదే చోట ఫాతెహా చదువుతారు. ఉర్సు తిథిని హిందూ పంచాంగాన్ని బట్టే లెక్కిస్తారు. భాల్కి తాలూకా ఖానాపూరులోని మైలార మల్లన్న గుడి ఇలాంటిదే మరో చోటు. కన్నడిగులకు మైలారుడు, మరాఠీలకు ఖండోబా, తెలుగువారికి మల్లన్న అయిన దేవుడి దగ్గరికి మూడు భాషల భక్తులూ వస్తారు. హుమ్నాబాద్ దగ్గర మాణిక్‌నగర్‌లో మాణిక్ ప్రభువు 19వ శతాబ్దంలో అన్ని మతాలనూ ఒప్పుకొనే సకలమత సంప్రదాయాన్ని నెలకొల్పాడు. బీదర్ పట్టణంలోని నానక్ ఝీరా గురుద్వారాకు దేశం నలుమూలల నుంచి సిక్కులు వస్తారు. 1699లో ఖాల్సా పంథా ఏర్పడినప్పుడు తల ఇవ్వడానికి ముందుకొచ్చిన అయిదుగురిలో ఒకరైన భాయి సాహెబ్ సింగ్ బీదర్‌లో క్షురక కుటుంబానికి చెందినవాడని సిక్కు సంప్రదాయం.

ఈ ఉదాహరణలు చూపించి బీదర్‌ను మతసామరస్యానికి చిరునామాగా చెప్పడం పరిపాటి. అది సగం నిజమే. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం మీద పోలీసు చర్య జరిగిన రోజుల్లో, ఆ తర్వాత, ఈ జిల్లాలో ముస్లిముల మీద ఘోరమైన హింస జరిగింది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలు ఊళ్లను వణికించాయి. కేంద్రం పంపిన సుందర్‌లాల్ బృందం బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్‌ను కూడా పేర్కొంది. 1988 సెప్టెంబరులో పట్టణంలో చదువుకోవడానికి వచ్చిన సిక్కు విద్యార్థుల మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. ఉర్సులూ జాతరలూ ఉన్నంత మాత్రాన ప్రభుత్వ విధానం అక్కర్లేదని అనుకోవడానికి లేదు.

నిజాం పాలనలో చదువు

హైదరాబాద్ సంస్థానంలో 1880ల్లో ఫార్సీ స్థానాన్ని ఉర్దూ తీసుకుంది. కచేరీలు, కోర్టులు, పై చదువులు ఉర్దూలో నడిచాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజినీరింగు సహా అన్నీ ఒక భారతీయ భాషలో చెప్పి చూపించింది. దేశ విద్యాచరిత్రలో అది గొప్ప సాహసం. కానీ ఆ భాష ప్రజల్లో ఎక్కువమంది ఇంటి భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు ప్రాథమిక తరగతులు దాటాక సొంత భాష అందేది కాదు. ప్రైవేటు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న ఖాంగీ పాఠశాలల నిబంధనలు దానికి తోడయ్యాయి.

1921లో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టిందని తెలుగువారికి తెలిసిన చరిత్రే. కన్నడిగులకు బీదర్ జిల్లాలో అంతటి కథ మరొకటి ఉంది. భాల్కి హిరేమఠం పీఠాధిపతి చన్నబసవ పట్టదేవరు బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారని జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వందేళ్లకు పైగా జీవించిన ఆయన మఠం తరఫున బడులు, వసతి గృహాలు నడిపారు. 1956 తర్వాత రాజభాష మారింది. అంతకుముందు కన్నడ పిల్లలు ఉన్న స్థితిలోకి జిల్లాలో మరి కొన్ని భాషల పిల్లలు వెళ్లారు. ఈ మార్పును చరిత్ర పుస్తకాలు విముక్తిగానే చెబుతాయి. తాలూకా స్థాయిలో దాన్ని చూసినవాళ్లు అంత సులువుగా చెప్పలేరు.

1956: తాలూకాలు, సర్కిళ్ల పంపకం

1953 డిసెంబరులో కేంద్రం ఫజల్ అలీ అధ్యక్షతన, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్విభజన సంఘాన్ని వేసింది. అప్పటి బీదర్ జిల్లాలో ఏ భాషకూ మెజారిటీ లేదు. 1955లో ఇచ్చిన నివేదికలో సంఘం తెలంగాణ జిల్లాలను విడిగా హైదరాబాద్ రాష్ట్రంగా ఉంచమంది. బీదర్‌ను కూడా ఆ రాష్ట్రంలోనే కలపమని చెప్పింది. ఆ సూచన అమలై ఉంటే బీదర్ ఇవాళ హైదరాబాద్ రాష్ట్రంలో బహుభాషా జిల్లాగా ఉండేది.

పార్లమెంటు చేసిన 1956 చట్టం మరోలా కోసింది. అహ్మద్‌పూర్, నీలంగా, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి వెళ్లాయి. అవి నేడు మహారాష్ట్ర లాతూరు జిల్లాలో ఉన్నాయి. నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాద్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. మిగిలింది మైసూరు రాష్ట్రంలో కలిసింది. తాలూకా హద్దు దగ్గర కూడా కత్తి ఆగలేదు. జహీరాబాద్ తాలూకాలో నిర్ణా సర్కిల్‌ను మాత్రం విడదీసి మైసూరుకు ఉంచారు. బీదర్ తాలూకాలో న్యాల్‌కల్ సర్కిల్‌ను విడదీసి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. సర్కిల్ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చూసుకొనే కొన్ని ఊళ్ల గుంపు. న్యాల్‌కల్ నేడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రం, నిర్ణా బీదర్ జిల్లాలోనే ఉంది. 1956 నవంబరు 1న రెండు చోట్లా బడి భాషను పిల్లల ఇంటి భాష నిర్ణయించలేదు, సర్కిల్ పడ్డ రాష్ట్రం నిర్ణయించింది.

ఆ గీత మీద వివాదం మరాఠీ వైపు ఇంకా ముగియలేదు. కర్ణాటకలోని 865 మరాఠీ ఊళ్లు తనవేనని మహారాష్ట్ర 2004లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2022 డిసెంబరులో ఆ రాష్ట్ర శాసనసభ చేసిన తీర్మానంలో బెళగావి, నిప్పాణితో పాటు బీదర్, భాల్కి పేర్లు కూడా ఉన్నాయి. తెలుగు వైపు అలాంటి తగాదా రాలేదు. జహీరాబాద్, బీదర్ మధ్య సంతలు, సంబంధాలు, ఆస్పత్రులు, బస్సులు గీతను పట్టించుకోకుండానే నడుస్తున్నాయి.

రాజ్యాంగం ఇచ్చిన హామీలు

సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ వర్గానికైనా వాటిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం ఇచ్చింది. మతపరంగా గాని భాషాపరంగా గాని అల్పసంఖ్యాకులైనవాళ్లు తమకు నచ్చిన విద్యాసంస్థలు పెట్టుకోవచ్చని 30వ అధికరణం చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో మతబోధ ఉండకూడదన్నది 28వ అధికరణం. పునర్విభజన సంఘం సూచనల మీద 1956లో ఏడో సవరణ ద్వారా మరి రెండు చేరాయి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని 350ఎ రాష్ట్రాలను ఆదేశిస్తుంది. వాళ్ల రక్షణలు ఎలా అమలవుతున్నాయో చూసి రాష్ట్రపతికి నివేదించడానికి 350బి ఒక ప్రత్యేకాధికారిని ఏర్పాటు చేసింది. ఆ కార్యాలయం 1957లో మొదలైంది.

వసతి అంటే ఎంత? దానికి కొలత 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం పెట్టింది. బడిలో ఆ భాష పిల్లలు 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాష చెప్పే ఉపాధ్యాయుణ్ణి వేయాలి. కాగితం మీద ఇది ఉదారమైన నియమమే. ఆచరణలో చిన్న ఊళ్లకు ఇది అందదు. అయిదారు భాషలు కలిసి ఉన్న పల్లెలో ఏ ఒక్క భాష పిల్లలూ పదిమంది దాకా రాకపోవచ్చు. భిన్నత్వం ఎంత చిక్కగా ఉంటే ఈ నియమం అంత తక్కువ పనికొస్తుంది. ఒకే భాషవాళ్లు గుంపుగా ఉన్న పేటకు మాత్రం చక్కగా సరిపోతుంది. బీదర్ జిల్లాలో కన్నడ మాధ్యమంతో పాటు ఉర్దూ, మరాఠీ మాధ్యమాల సర్కారు బడులు నిలదొక్కుకోవడానికి ఒక కారణం ఇదే. ఊరూరా కొద్ది ఇళ్లుగా చెదిరి ఉన్న తెలుగువాళ్లకు ఆ బలం లేదు.

అల్పసంఖ్యాకులెవరన్నది రాష్ట్రాన్ని బట్టే తేల్చాలని 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన తెలుగువారు జహీరాబాద్‌లో అధికసంఖ్యాకులు, ముప్పై కిలోమీటర్ల అవతల బీదర్‌లో అల్పసంఖ్యాకులు. కన్నడిగుల సంగతి సరిగ్గా తిరగబడుతుంది. లంబాడీల పరిస్థితి ఇంకా విచిత్రం. తెలంగాణలో వాళ్లు షెడ్యూల్డు తెగ, కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే కుటుంబపు అక్కచెల్లెళ్లు మూడు వైపులకు కాపురాలకు వెళితే, వాళ్ల పిల్లలు ఉపకార వేతనానికి మూడు రకాల ధ్రువపత్రాలు పెట్టాలి.

త్రిభాషా సూత్రం, మూడు రాష్ట్రాల మూడు చట్టాలు

కేంద్ర విద్యా సలహా మండలి 1956లో ప్రతిపాదించి, 1961లో ముఖ్యమంత్రుల సమావేశం సరళం చేసిన త్రిభాషా సూత్రం కొఠారీ కమిషన్ చేతుల మీదుగా 1968 జాతీయ విద్యావిధానంలోకి వచ్చింది. హిందీయేతర రాష్ట్రాల్లో ప్రాంతీయ భాష, హిందీ, ఇంగ్లీషు చదవాలి. ఇంటి భాష ప్రాంతీయ భాష కాని పిల్లవాడికి ఇందులో చోటు ఇరుకు. బీదర్‌లో మరాఠీ బడికి వెళ్లే అమ్మాయికి మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు, హిందీ అన్నీ మీద పడతాయి. ఉర్దూ బడి అబ్బాయికి మరాఠీ బదులు ఉర్దూ ఉంటుంది, మొత్తం నాలుగు రకాల అక్షరాలు నేర్వాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, మిగతావి ఎడమ నుంచి కుడికి రాయాలి. తెలుగింటి పిల్లకు ఒక సౌలభ్యం ఉంది. తెలుగు, కన్నడ లిపులు దగ్గరివి కాబట్టి కన్నడ అక్షరాలు నేర్చిన పిల్ల అమ్మమ్మ ఊరి బస్సు బోర్డును కూడబలుక్కుంటూ చదివేస్తుంది. ఆ దగ్గరితనాన్ని వాడుకొని రెండు భాషలూ కలిపి నేర్పే పుస్తకం బడిలో ఉంటే ఎంత మేలు జరిగేదో.

కర్ణాటకలో భాషా విధానం గోకాక్ కమిటీ నివేదిక, 1982 నాటి ఉద్యమం తర్వాత గట్టిపడింది. రాజ్‌కుమార్ ముందు నడిచిన ఆ ఉద్యమం కన్నడానికి బడిలో మొదటి స్థానం కోరింది. 1994 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వు నాలుగో తరగతి దాకా మాతృభాషలో గాని కన్నడంలో గాని చెప్పాలంది. దాన్ని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. పిల్లల మాతృభాష ఏదో చెప్పాల్సింది తల్లిదండ్రులని, ఫలానా మాధ్యమంలోనే చదవాలని సర్కారు బలవంతపెట్టలేదని తీర్పు. ఆ తీర్పుతో ఇంగ్లీషు మాధ్యమానికి దారి తెరుచుకుంది. 2019 నుంచి సర్కారు బడుల్లోనే ఇంగ్లీషు సెక్షన్లు మొదలయ్యాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. మరాఠీ, ఉర్దూ, కన్నడ మాధ్యమాల్లో విడివిడిగా కూర్చునే పిల్లలు ఒకే గదిలోకి వచ్చేది ఎక్కువగా ఇంగ్లీషు మాధ్యమం బడిలోనే. అక్కడ వాళ్లు కలుస్తారు, కానీ ఎవరి ఇంటి భాషా ఆ గదిలో పాఠంగా ఉండదు.

కన్నడ భాషాభ్యాస చట్టం 2015లో వచ్చింది. తెలంగాణ 2018లో తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరి చేసింది. మహారాష్ట్ర 2020లో మరాఠీకి అదే చేసింది. అంతకుముందే 2004లో ఉషా మెహతా కేసులో, అల్పసంఖ్యాకుల బడుల్లో కూడా రాష్ట్ర భాషను తప్పనిసరి పాఠ్యాంశం చేయవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మూడు రాష్ట్రాల కలయికలో ఉన్న బీదర్ ప్రాంతంలో ఈ మూడు చట్టాలూ తలా ఒక వైపు నుంచి పనిచేస్తాయి. పని కోసం ఊరు మారే కుటుంబం పిల్లవాడు ఉద్గీర్ బడి నుంచి బీదర్‌కు, అక్కడి నుంచి జహీరాబాద్‌కు చేరితే ప్రతి చోటా కొత్త తప్పనిసరి భాష ఎదురవుతుంది. రాష్ట్ర భాష నేర్చుకోవడం పిల్లల మేలుకే, దాని మీద వాదన అక్కర్లేదు. మూడు రాష్ట్రాలూ తమ సరిహద్దు తాలూకాల కోసం ఒకరి పాఠ్యాంశాలను ఒకరు గుర్తించే ఒప్పందం చేసుకోకపోవడమే లోపం.

దక్కనీ, లంబాడీ భాషలకు విధానంలో పేరే లేదు. ఉర్దూ బడిలో పుస్తకం లక్నో, ఢిల్లీల ఉర్దూలో ఉంటుంది. ఇంటి మాట మరాఠీ, కన్నడ, తెలుగు పదాలు కలిసిన దక్కనీ. బడి దాన్ని తప్పుగా దిద్దుతుంది. తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకు మొదటి తరగతిలో ఏ మాధ్యమమైనా పరాయిదే. మాధ్యమం వీలైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. ఆ ‘వీలైనంతవరకు’ అన్న షరతుకు అందరికంటే ముందు బలయ్యేది తండా పిల్లలే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల బహుభాషా జ్ఞానాన్ని తరగతికి పెట్టుబడిగా చూడమంది. ఆ మాటకు నిజమైన పరీక్ష తండా బడిలో ఉంది.

మతం, గుర్తింపు, తరగతి గది

లింగాయతులను ప్రత్యేక మతంగా గుర్తించాలంటూ 2017 జులైలో మొదటి భారీ సభ బీదర్‌లో జరిగింది. 2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం అల్పసంఖ్యాక మత హోదాకు సిఫారసు చేసింది, కేంద్రం ఒప్పుకోలేదు. ఆ కోరిక వెనుక విశ్వాసం ఉంది, 30వ అధికరణం ఇచ్చే విద్యాసంస్థల హక్కు కూడా ఉంది. కర్ణాటకలో వందలాది బడులు, కళాశాలలు లింగాయత మఠాలవి కాబట్టి ఆ హక్కు చిన్న విషయం కాదు. 2022లో పాఠ్యపుస్తకాల సవరణలో బసవన్న పాఠాన్ని మార్చినప్పుడు మఠాధిపతులు అభ్యంతరం చెప్పారు.

2022 ఫిబ్రవరిలో కళాశాలల్లో యూనిఫాం ఉత్తర్వుతో వచ్చిన హిజాబ్ వివాదాన్ని మార్చిలో హైకోర్టు ప్రభుత్వం వైపు తేల్చింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు చెప్పారు. 2025 ఏప్రిల్‌లో బీదర్‌లోని ఒక ప్రవేశ పరీక్షా కేంద్రంలో జంధ్యం తీయనన్న విద్యార్థి లెక్కల పరీక్ష రాయలేకపోయాడు. ఒక చోట తల మీది గుడ్డ, మరో చోట భుజం మీది దారం. తమ మతపు గుర్తు మీదికి వచ్చినప్పుడు మాత్రమే లేచే గొంతులు రెండు వైపులా ఉన్నాయి. రెండు సందర్భాల్లోనూ నష్టపోయింది చదువే.

వీటన్నిటికంటే బాధ కలిగించిన సంఘటన 2020 జనవరిది. పౌరసత్వ సవరణ చట్టం మీద బీదర్‌లోని ఒక బడిలో పిల్లలు నాటిక వేశారు. దాని మీద రాజద్రోహం కేసు పెట్టారు. బడి బాధ్యురాలిని, ఒక విద్యార్థి తల్లిని అరెస్టు చేశారు. చిన్నపిల్లలను పోలీసులు పదేపదే ప్రశ్నించారు. యూనిఫాంలో, ఆయుధాలతో వెళ్లి పిల్లలను ప్రశ్నించడం బాలల న్యాయ చట్టానికి విరుద్ధమని 2021లో కర్ణాటక హైకోర్టు తప్పుపట్టింది. 2023 జూన్‌లో కేసునే కొట్టేసింది. ప్రభుత్వ విధానాల మీద విమర్శలకు పిల్లలను దూరంగా ఉంచమని బడులకు కూడా హితవు చెప్పింది. పౌరసత్వం గురించి ఇంట్లో వినే భయాలను పిల్లలు బడిలో మాటల్లో పెట్టడం నేరం కాదు. దాన్ని నేరంగా చూసిన మూడేళ్లు ఆ కుటుంబాలకు తిరిగి రావు.

కలిపి చదివించే ప్రయత్నాలు

1966లో కొఠారీ కమిషన్ ఒక పేటలోని పిల్లలందరూ ఒకే బడికి వెళ్లే ఉమ్మడి పాఠశాల పద్ధతిని సూచించింది. దేశం ఆ దారిన పోలేదు. 1986 విధానంతో వచ్చిన నవోదయ విద్యాలయాలు మాత్రం ఆ స్ఫూర్తిని కొంత నిలిపాయి. జిల్లాకొకటి చొప్పున పెట్టిన ఈ వసతి బడుల్లో మూడొంతుల సీట్లు పల్లె పిల్లలవి. తొమ్మిదో తరగతిలో 30 శాతం మంది హిందీ ప్రాంతానికీ హిందీయేతర ప్రాంతానికీ మధ్య ఏడాదిపాటు మారతారు. వేరే భాష మాట్లాడే పిల్లల గదిలో ఏడాది ఉండటం ఎన్ని పాఠ్యపుస్తకాలు చదివినా రాని చదువు.

2015లో ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కింద రాష్ట్రాలను జంటలుగా కలిపారు. కర్ణాటకకు జంట ఉత్తరాఖండ్. బీదర్ పిల్లలు కుమావూనీ పాట నేర్చుకోవడం మంచిదే. కానీ అదే తరగతిలో కూర్చున్న లంబాడీ పిల్ల పాట ముందు వినబడాలి. జాతీయ కార్యక్రమాలు దూరపు భిన్నత్వాన్ని ఉత్సవం చేస్తాయి, పక్క బల్ల మీది భిన్నత్వానికి వాటిలో గంట కేటాయించలేదు. ‘భాషా సంగమ్’లో 22 భాషల్లో చిన్న చిన్న వాక్యాలు నేర్పుతారు. అందులో బీదర్‌కు నేరుగా పనికొచ్చేవి మరాఠీ, తెలుగు, ఉర్దూ. ఆ మూడింటినీ చెప్పగల పిల్లలు ఊళ్లోనే ఉన్నారు.

2020 జులై 29న వచ్చిన జాతీయ విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా, వీలైతే ఎనిమిదో తరగతి దాకా ఇంటి భాషలోనో మాతృభాషలోనో స్థానిక భాషలోనో చదువు చెప్పమంది. మూడు భాషల్లో రెండు భారతీయ భాషలు ఉండాలని, ఏ భాషనూ ఏ రాష్ట్రం మీదా రుద్దబోమని చెప్పింది. కర్ణాటక ఆ విధానాన్ని పక్కన పెట్టి, సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన సొంత విద్యా విధాన కమిషన్‌ను 2023లో వేసింది. 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఆ కమిషన్ మూడు భాషలకు బదులు రెండు భాషలు చాలంది. ఒకటి కన్నడం లేదా మాతృభాష, రెండోది ఇంగ్లీషు. హిందీ భారం తగ్గుతుందని రాష్ట్రంలో ఎక్కువమంది దీన్ని మెచ్చుకున్నారు. బీదర్‌లో మరాఠీ, ఉర్దూ బడుల లెక్క వేరు. ‘కన్నడం లేదా మాతృభాష’ అన్నచోట మాతృభాషను ఎంచుకుంటే జిల్లా కచేరీ భాషే తరగతి నుంచి తప్పుకోవచ్చు, కన్నడాన్ని ఎంచుకుంటే మరాఠీ, ఉర్దూ మిగలవు. 2015 చట్టం మాత్రం కన్నడాన్ని తప్పనిసరి అంటూనే ఉంది. ఈ రెంటికీ పొత్తు కుదిర్చే నియమం వచ్చినప్పుడే ఆ బడుల్లో మూడో భాషకు ఉపాధ్యాయుల కొలువులు ఉంటాయో పోతాయో తేలుతుంది.